పారేసిన తీగ... పనికొచ్చిన వెలుగు!

ఉరుము వినబడగానే మా మామయ్య చేసే మొదటి పని ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేయడం. టీవీ, ఫ్రిజ్, మిక్సీ... వరసగా. ముప్ఫయ్యేళ్లు తిరుమల కొండమీద క్యాంటీన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. శేషాచలం మీదికి మబ్బు ఎటునుంచి ఎక్కుతోందో చూసి వాన ఎంతసేపట్లో కిందికి దిగుతుందో చెప్పేస్తాడు. అలాంటాయన కూడా 2024 మే నెలలో ఓ సాయంత్రం ఒక తీగను మర్చిపోయాడు. ముందింట్లోంచి వెనకింటికి, పశువుల కొట్టం మీదుగా వేసిన నీలంరంగు ఇంటర్నెట్ తీగ!

పిడుగు ఇంటిమీద పడలేదు. ఎక్కడో చెరువుగట్టున తాటిచెట్టు మీద పడిందన్నారు. అయినా ముందింట్లో రౌటర్ మాడిపోయింది. వెనకింట్లో కోడలు పనిచేసుకుంటున్న లాప్‌టాప్ 'టప్'మని ఆగిపోయింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది కాబట్టి సరిపోయింది. 'మదర్‌బోర్డు పోయిందండీ' అని తిరుపతిలో రిపేరు షాపతను చెప్పిన అంకె విని మా బావ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

చంద్రగిరి దారిలో ఉన్న ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. ఒకే ఆవరణలో రెండిళ్లు. ముందున్నది తాతలనాటి రాతిగోడల ఇల్లు. వెనక బావ కట్టుకున్న కొత్తిల్లు. మధ్యలో కొట్టం, రెండు కొబ్బరిచెట్లు, ఓ తొట్టి. మొత్తం నూటముప్ఫై అడుగులు. ఇంటర్నెట్ కనెక్షన్ ముందింట్లో ఉంది. మన చిత్తూరు వైపు రాతిగోడల మందం తెలుసుగా... వైఫై వాటిని దాటి వరండాలోకి వచ్చేసరికే నీరసించిపోతుంది. కొట్టం దాటి పోవడం దాని తరం కాదు. 'వెనకింటికి ఇంకో కనెక్షన్ తీసుకోవచ్చుగా' అంటారా? అడిగారు. స్తంభం నుంచి తీగ రావాలంటే పక్కనున్న దాయాదుల మిద్దె మీదుగా రావాలి. వాళ్లకీ వీళ్లకీ గోడ తగాదా వచ్చి పదకొండేళ్లు. 'నా మిద్దె మీద కాకి వాలినా ఊరుకుంటా గానీ వాళ్ల తీగ వాలనీను' అన్నాడట ఆయన.

ఇక్కడ పోయేది సినిమాలు, సీరియళ్లు అయితే నేనిదంతా రాయను. మా బావ భార్య మెడికల్ కోడింగ్ చేస్తుంది, ఇంటినుంచే. మూడేళ్ల పిల్లాడు, మంచాన పడ్డ అమ్మమ్మ... ఇద్దర్నీ చూసుకుంటూ చేయగలిగిన ఉద్యోగం అదొక్కటే. అంతకుముందే కనెక్షన్ తెగిపోతోందని ఆఫీసువాళ్లు రెండుసార్లు హెచ్చరించారు. మూడోసారి పిడుగు దెబ్బ. 'ఇలాగైతే చెన్నై వచ్చి ఆఫీసులో కూర్చోండి' అని మెయిలొచ్చింది. అంటే ఉద్యోగం మానుకోమని మర్యాదగా చెప్పడమే కదా.

అసలు ఇంటిమీద పడని పిడుగుకి ఇంట్లో వస్తువులు ఎందుకు మాడాయి? కారణం తెలిశాక మామయ్య 'ఓరి నీ...' అని తల కొట్టుకున్నాడు. రెండిళ్లకీ రెండు కరెంటు మీటర్లు, రెండు వేర్వేరు ఎర్తులు. దగ్గర్లో పిడుగు నేలలోకి దిగినప్పుడు ఆ రెండుచోట్లా నేల వోల్టేజీ ఒకేలా ఉండదు. ఆ క్షణంలో తేడా వేల వోల్టులు ఉండొచ్చు. ఆ రెంటినీ కలుపుతూ మనమే ఓ రాగితీగ వేసిపెట్టాం. కరెంటు దానికి దొరికిన దారిన పోయింది! ఆరుబయట వేలాడే పొడవాటి తీగ అయితే మెరుపు మెరిసినా చాలు, దానంతటదే కాస్త కరెంటు పట్టేస్తుంది. ఎండాకాలం చివర్లో, మళ్లీ అక్టోబరు వానల్లో మన ప్రాంతంలో ఉరుములకి కొదవలేదు. ఇక్కడి ఆకాశాన్ని చదవడానికే తిరుపతికీ చిత్తూరుకీ మధ్య గాదంకిలో 1,024 యాంటెన్నాలతో పెద్ద రాడార్ పెట్టుకుని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చున్నారు. మనింట్లో ఇంటర్నెట్ తీగకి ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దూ?

దీనికి మందు రాగి లేని తీగ. అంటే గాజు తీగ, ఆప్టికల్ ఫైబర్. కరెంటుకి గాజులో దారి లేదు. వెలుగుకి మాత్రమే ఉంది.

ఇది కొత్త సంగతేం కాదు. కపిలతీర్థంలో పై నుంచి దూకే నీటిధారని చూశారుగా. అలా వంపు తిరిగి పడే నీటిధారలోకి దీపం వెలుగు పంపితే, ఆ వెలుగు నీటి వంపునే పట్టుకుని కిందిదాకా పోతుందని 1840ల్లోనే జెనీవాలో కొలడాన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. గాజుపోగులతో బొమ్మను ఒక చివర నుంచి మరో చివరకి పంపి 1954లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన నరిందర్ సింగ్ కపానీ. కానీ అప్పటి గాజులో వెలుగు కొద్ది మీటర్లకే చచ్చిపోయేది. తప్పు వెలుగుది కాదు, గాజులో ఉన్న మలినాలదని 1966లో చెప్పినవాడు చార్లెస్ కావో. కిలోమీటరు పోయాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలు, ఫోన్లు నడపొచ్చన్నాడు. నాలుగేళ్లకి, 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్లు ఆ పని చేసి చూపించారు. కావోకి నోబెల్ మాత్రం 2009లో గానీ రాలేదు. ఇప్పటి మంచి గాజుతీగలో కిలోమీటరు పోయాక నూటికి తొంభై అయిదు వంతులు మిగులుతోంది!

ఇక మన దగ్గరికొస్తే, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నేల తవ్వి వేస్తే ఖర్చని కరెంటు స్తంభాలమీదే వేల కిలోమీటర్ల గాజుతీగ లాగారు. అప్పట్లో నెలకి రూ.149కే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. తర్వాత ప్రైవేటు కంపెనీలూ వచ్చి వీధివీధికీ లాగేశాయి. దాంతో ఏమైందంటే, ఇప్పుడు ఏ సందులో చూసినా సగం తీగలు పనిచేసేవి, సగం చచ్చినవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, కనెక్షన్ మానుకున్నప్పుడో తెంపిన ముక్కలు చుట్టలుగా చుట్టి ఏ మూలో పడేస్తారు. అందులో రాగి ఉండదు కాబట్టి పాతసామాన్లవాడు కూడా ముట్టుకోడు. కొందరు దొంగలు రాగి అనుకుని తెంపుకుపోయి, లోపల గాజు చూసి తుప్పల్లో పారేసిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

మా బావ కన్ను ఆ చుట్టల మీద పడింది. వాళ్ల వీధికి కేబుల్ పనులు చేసే కుర్రాడిని అడిగాడు. 'ఆఫీసు వెనకాల బోలెడుండాయన్నా, ఎలుకలు కాపరం చేస్తా ఉండాయి. మా ఓనర్ని అడిగి తెస్తా' అన్నాడతను. ఆ 'ఓనర్ని అడిగి' అన్నమాట ముఖ్యం. స్తంభం మీంచి వేలాడుతున్న తీగ చచ్చిందో బతికిందో మనకి తెలియదు. మనం తెంపింది పక్క వీధిలో ఆసుపత్రిది కావొచ్చు. దొంగతనం కేసు సరే, కావాలని టెలికాం తీగలు పాడుచేస్తే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద కూడా నేరమే. అడిగి తెచ్చుకుంటే రెండొందల రూపాయల టీ ఖర్చుతో పోయింది.

వచ్చిన చుట్ట నల్లగా, బల్లపరుపుగా, దుమ్ము కొట్టుకుని ఉంది. దాన్ని 'డ్రాప్ కేబుల్' అంటారు. పైతొడుగు మీద ప్రతి మీటరుకీ ఓ అంకె అచ్చువేసి ఉంటుంది. ఒక కొసన 212, రెండో కొసన 297. అంటే టేపు పట్టక్కర్లేకుండానే ఎనభై అయిదు మీటర్లని తెలిసిపోయింది. కొలవడం సులువే. బతికుందో లేదో తెలుసుకోవడమే అసలు పని. అందుకు ఆ కుర్రాడి దగ్గర ఎర్రలైటు పెన్ను ఉంది. ఒక కొసన గుచ్చి వెలిగిస్తే రెండో కొసన ఎర్రటి చుక్క కనబడాలి. కనబడలేదు! రాత్రి దీపాలన్నీ ఆర్పి చుట్ట మొత్తం విప్పి కొట్టంలో పరిచారు. 241 అంకె దగ్గర తొడుగులోంచి కుంకుమబొట్టులా ఎర్రగా వెలుగు కారుతోంది. ఎలుక కొరికింది. అక్కడ తెంపేస్తే యాభై ఆరు మీటర్లు మిగిలాయి. కావలసింది నలభై, రెండువైపులా చుట్టి ఉంచుకోవడానికి ఓ ఎనిమిది. 'చాలప్పా, మనకేం కాశీకి పోవాలనా' అన్నాడు మామయ్య.

కాశీ అంటే గుర్తొచ్చింది. వారణాసిలో గంగ ఒడ్డున వేసిన గాజుతీగల్ని కోతులు కొరికేస్తున్నాయని 2015లో వార్తలొచ్చాయి. కొండకింద ఉండేవాళ్లకి కోతుల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. తిరుమలలో చేతిలో సంచి లాక్కునే మూకలు ఇళ్లమీదికి వస్తే తీగలు వాటికి ఉయ్యాలలే. అందుకే ఈసారి గాల్లో వద్దనుకున్నారు. గోడవారగా జానెడు లోతు కాలువ తీసి, అంగుళం పీవీసీ పైపులో తీగ దూర్చారు. పైపు అంగుళమే ఎందుకంటే... ఆ సంగతి చివర్లో.

తొడుగు ఒలిస్తే లోపల ఏముందో చూద్దాం. ఓ పక్కన గట్టి ఇనుపతీగ. స్తంభానికి కట్టి లాగడానికి. మధ్యలో మరో రెండు సన్నటి దన్నుతీగలు. వాటి నడుమ వెంట్రుక లాంటి గాజుపోగు. పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే దారి ఇంకా సన్నం, తొమ్మిది మైక్రాన్లు. మన వెంట్రుక మందంలో ఎనిమిదో వంతో, అంతకన్నా తక్కువో.

ఇక్కడే మా బావ దాదాపు పప్పులో కాలేశాడు. పిడుగు భయంతోనే కదా గాజుతీగ వేస్తున్నది! మరి దాని పక్కనే ఇనుపతీగ ఇంట్లోకి వస్తే? రాగి పోయి ఇనుము వచ్చినట్టు అవుతుంది. గాల్లో లాగేవాళ్లకి ఆ ఇనుము తప్పదు. పైపులో వేసేవాళ్లకి అక్కర్లేదు. పైపులోకి దూర్చకముందే దాన్ని బ్లేడుతో చీల్చి మొత్తం లాగేశారు. మిగిలిన రెండు దన్నుతీగలూ ఒక్కో కేబుల్‌లో ఇనుమువి ఉంటాయి, కొన్నింట్లో ఫైబర్‌గ్లాస్ పుల్లలు ఉంటాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వీళ్లది ఫైబర్‌గ్లాసే. ఇనుమైతే గోడబయట డబ్బాలోనే కత్తిరించి, ఏ పరికరానికీ తగలకుండా గాజుపోగునొక్కదాన్నే లోపలికి తెచ్చుకోవాలి.

ఆ తర్వాత వారం రోజులు ఆ ఇంట్లో జరిగింది యజ్ఞమే. గాజుపోగు కొసకి బిగించే 'ఫాస్ట్ కనెక్టర్లు' నలభై రూపాయలకి ఒకటి దొరుకుతాయి. బావ అర డజను తెచ్చాడు. షేవింగ్ బ్లేడుతో పోగు కోసి బిగించడం, లైటు వెలగకపోవడం, మళ్లీ కోయడం. ఆరూ పోయాయి. లోపం చేతిది కాదు, బ్లేడుది. గాజుపోగు కొస నున్నగా, నిటారుగా తెగాలి. దానికి 'క్లీవర్' అని ప్రత్యేకమైన కత్తి ఉంటుంది. బ్లేడుతో కోస్తే కొస పళ్లు పళ్లుగా విరుగుతుంది. వెలుగు అక్కడే చెదిరిపోతుంది. తుడవడానికి కొవిడ్ కాలంలో మిగిలిన శానిటైజర్ వాడాడట! చాలా శానిటైజర్లలో గ్లిజరిన్ ఉంటుంది. అది ఆరాక జిడ్డు మిగులుతుంది. తొమ్మిది మైక్రాన్ల దారికి జిడ్డుచుక్క అంటే గుమ్మానికి బండరాయి అడ్డం పెట్టడమే. మందుల షాపులోనో, ఎలక్ట్రానిక్స్ షాపులోనో నికార్సైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగాలి.

అత్తయ్య మాత్రం ఈ యజ్ఞాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. 'పిలకాయ పాకులాడే చోట గాజుముక్కలా? కొట్టంలో చేసుకోపో నాయనా' అని పంపేసింది. ఆమెకి ఏ ఇంజినీరూ చెప్పలేదు గానీ, ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అదే. కోసినప్పుడు రాలే ముక్క కంటికి ఆనదు, కాల్లో దిగితే తీయడం కష్టం. నల్లగుడ్డ పరుచుకుని పనిచేయాలి. రాలిన ప్రతి ముక్కనీ జిగురు టేపుకి అంటించి మూతగట్టి సీసాలో వేయాలి. ఆ చేతులతో కళ్లు నులుముకోవద్దు, ఏమీ తినొద్దు. ఇంకోటి, వెలుగుతున్న తీగ కొసలోకి తొంగిచూడటం పొరపాటున కూడా వద్దు. ఎర్రపెన్ను వెలుగైనా కనబడుతుంది. అసలు సమాచారం మోసుకెళ్లే వెలుగు కంటికి కనబడదు, కనబడకుండానే కన్ను పాడుచేయగలదు.

చివరికి ఆ కేబుల్ కుర్రాడే దిక్కయ్యాడు. ఆదివారం స్ప్లైసింగ్ మెషీన్ తెచ్చి కొట్టంలో గడ్డిమోపు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంది. రెండు గాజు కొసల్నీ ఎదురెదురుగా పెడితే తెరమీద పెద్దవిగా చూపిస్తుంది, తనే సర్దుకుంటుంది, ఓ చిన్న మెరుపు... రెండూ కరిగి ఒకటైపోతాయి. మెరుపు భయంతో మొదలైన పని మెరుపుతోనే అతుక్కుంది! ఒక్కో అతుకుకి మూడొందలు తీసుకున్నాడు. రెండు కొసలకీ కనెక్టర్ ఉన్న చిన్న తీగముక్కలు అతికించాడు. అతను చెప్పిన కిటుకు ఒకటుంది. పాత చుట్టకి ఉన్న కనెక్టర్ ఆకుపచ్చది. బజార్లో దొరికే మీడియా కన్వర్టర్‌కి కావలసింది నీలంది. రెండూ ఒకేలా దూరతాయి గానీ ఆకుపచ్చదాని ముఖం కాస్త ఏటవాలుగా ఉంటుంది. నీలంలో పెడితే మధ్యలో సందు మిగిలి సగం వెలుగు పోతుంది. రంగుకి రంగు కలవాలి.

మీడియా కన్వర్టర్ అంటే కరెంటు భాషని వెలుగు భాషలోకి, వెలుగుని మళ్లీ కరెంటులోకి మార్చే చిన్న పెట్టె. తీగకి రెండువైపులా ఒక్కోటి కావాలి. ఇంటికొచ్చే కేబుల్‌లో ఒకే గాజుపోగు ఉంటుంది కాబట్టి పోయేదీ వచ్చేదీ అందులోనే. అందుకే ఒక పెట్టె 1310 నానోమీటర్ల వెలుగుతో మాట్లాడి 1550తో వింటుంది. రెండోది దానికి తలకిందులు. షాపులో వాటిని 'ఎ', 'బి' అంటారు. చూడకుండా రెండూ 'ఎ'లే తెచ్చుకుంటే ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది, ఎవరిదీ ఎవరికీ వినబడదు. జతగా కొనాలి.

ఇంక లెక్క. గిగాబిట్ వేగం ఇచ్చే కన్వర్టర్ల జత రూ.2,100. పైపులు 840. అతుకులు 600. పాడైన కనెక్టర్లు 240. అతికించిన కొసముక్కలు 120, గోడ డబ్బాలు 100, టీ ఖర్చు 200. మొత్తం 4,200. ఇందులో పారేసిన తీగ వాడినందువల్ల కలిసొచ్చింది ఎంతో తెలుసా? కొత్త డ్రాప్ కేబుల్ యాభై మీటర్లు కొన్నా వాళ్లకి నాలుగైదొందలకి దొరికేది. అంటే రెండు మూడొందలే! ఈ మాట బావతో అంటే ముఖం మాడ్చుకున్నాడు. తీగ చవక, కొసలే ఖరీదు. నన్నడిగితే, స్ప్లైసింగ్ తెలిసిన మనిషి వీధిలో ఉంటేనే పాత తీగ జోలికి వెళ్లండి. లేదంటే రెండు కొసలకీ కంపెనీలోనే కనెక్టర్లు బిగించిన రెడీమేడ్ తీగ వెయ్యికి అటూఇటూగా దొరుకుతుంది. పైపులోంచి లాగి గుచ్చుకోవడమే. పైపు అంగుళం ఉండాలన్నది అందుకే... రేపెప్పుడైనా ఈ పాత తీగ పోతే కనెక్టర్‌తో సహా కొత్తది దూరుతుంది. మలుపుల్లో మాత్రం ఎల్‌బో ముక్కలు వాడొద్దు, వంపు బెండులే వాడండి. గాజుతీగని మరీ ఇరుకుగా వంచితే విరగకపోయినా వెలుగు వంపు దగ్గరే జారిపోతుంది.

జూన్ నుంచి కోడలు పని ఆగలేదు. చెన్నై మాట ఆఫీసువాళ్లు మళ్లీ ఎత్తలేదు.

అక్టోబరులో ఓ రాత్రి పెద్ద వాన. తలకోన వైపు నుంచి ఉరుములు దొర్లుకుంటూ వస్తున్నాయి. వెనకింట్లో ఆ అమ్మాయి ధీమాగా పని చేసుకుంటోంది. మధ్యలో గాజు ఉంది కదా! ఉన్నట్టుండి ఇంటర్నెట్ పోయింది. బావ గొడుగేసుకుని ముందింటికి పరిగెత్తాడు. చూస్తే మామయ్య అలవాటు ప్రకారం రౌటర్ ప్లగ్గు పీకేసి తాపీగా కూర్చుని ఉన్నాడు. 'గాజుతీగ వేసినాం కదా నాయనా!' అని బావ కేకలు. 'తీగ గాజుదే. గోడలో కరెంటు కూడా గాజుదేనా?' అని మామయ్య.

ఆయన అన్నది నిజం. రెండిళ్ల మధ్య దారి మూసుకుంది గానీ, కరెంటు స్తంభం నుంచి ప్లగ్గు ద్వారా వచ్చే దెబ్బకి గాజుతీగ అడ్డం కాదు. మర్నాడు తండ్రీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. రౌటర్‌కీ ముందింటి కన్వర్టర్‌కీ కలిపి పదమూడొందలు పెట్టి చిన్న బ్యాటరీ యూపీఎస్ కొన్నారు. వెనకింటి కన్వర్టర్‌కి అయిదు వోల్టులు చాలు కాబట్టి ఫోన్ పవర్‌బ్యాంకు సరిపోయింది. లాప్‌టాప్‌కి ఎలాగూ బ్యాటరీ ఉంది. వీధిలోంచి వచ్చేదీ గాజుతీగే, పెరట్లోదీ గాజుతీగే. ఇప్పుడు ఉరుము వినబడితే మామయ్య ముందింట్లో ప్లగ్గులు పీకుతాడు. పీకి, అక్కణ్నుంచే గట్టిగా కేకేస్తాడు.

'అమ్మాయ్... నీది కూడా పీకేసి పని చేసుకో తల్లీ!'